ముసాయిదా ప్రకటనలు గడువులోగా జనానికి చేరాలంటే: జిల్లాకో పేజీ నడిపే పద్ధతి

ఊరి పక్కన క్వారీ రాబోతున్నా, మాస్టర్ ప్లాన్‌లో పొలం మీదుగా రోడ్డు గీసినా, కరెంటు చార్జీలు మారబోతున్నా, తుది నిర్ణయానికి ముందు జనం మాట వినాలని చట్టాలు చెబుతున్నాయి. ప్రకటన వెలువడుతుంది కూడా. ఒక ఇంగ్లిష్ పత్రికలో ఓ మూల, తెలుగు పత్రికలో ఇంకో మూల, శాఖ వెబ్‌సైట్‌లో టెండర్ల మధ్య స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా. సంగతి ఊళ్లో తెలిసేసరికి ముప్పై రోజుల గడువులో చాలా భాగం గడిచిపోయి ఉంటుంది.

అలా పోయే రోజులను కాపాడుకోవడం ఎలాగన్నదే ఈ మార్గదర్శి. ముగ్గురు మనుషులు, ఒక లాప్‌టాప్, రోజుకు ముప్పావుగంట ఉంటే ఒక జిల్లాలో వచ్చే ఇలాంటి ప్రకటనలను చూపే వెబ్ పేజీ నడుస్తుంది. లాయర్లు, విలేకరులు, రైతు సంఘాలవాళ్లు, గ్రంథాలయం చుట్టూ తిరిగే విద్యార్థులు ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

చెప్పుకున్నా ప్రయోజనం ఉండదని మొదటిరోజే ఎవరో ఒకరు అంటారు. 2016 ఆగస్టు 22న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ముసాయిదాలో కొత్త జిల్లాలు 17. అభ్యంతరాలు, ఆందోళనల తర్వాత అక్టోబరు 11న ఏర్పడినవి 21. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ ముసాయిదాలో లేవు. 2023 జనవరిలో కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై రైతులు రోడ్డెక్కారు. అభ్యంతరాలకు చివరి తేదీ ఆ నెల 11. అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను వద్దని తీర్మానించింది. ముసాయిదా దశలో మాట్లాడితే వినే అవకాశం ఉంటుంది. తుది ఉత్తర్వు వచ్చాక మిగిలేది కోర్టు మెట్లే.

1. ఏయే ప్రకటనలు వెతకాలో ముందు తేల్చుకోండి

అన్నీ పట్టుకోవాలని చూస్తే రెండు వారాల్లో అలసిపోతారు. జిల్లా పేజీకి ముందుగా ఐదు రకాలు చాలు.

మొదటిది పర్యావరణ అనుమతుల బహిరంగ విచారణ. దీనికి ఆధారం 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్, అందులోని నాలుగో అనుబంధం. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఈఐఏ నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. విచారణకు కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. మొత్తం వీడియో తీయాలి. ఇంతమంది వస్తేనే జరపాలన్న కోరం నియమం లేదు. అంటే ఊరివాళ్లు ఎవరూ రాకపోయినా విచారణ జరిగినట్టే లెక్క. సంగతి తెలియకపోతే జరిగే నష్టం ఎంతో ఇక్కడే తెలుస్తుంది.

రెండోది భూసేకరణ. 2013 చట్టం కింద సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా, ఆ భూమిలో హక్కు ఉన్నవారు సెక్షన్ 15 కింద కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. తమ వాదన స్వయంగా వినమనీ అడగవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ చట్టానికి సవరణలు తెచ్చుకున్నాయి కాబట్టి ప్రకటనలో ఏ సెక్షన్ రాశారో మొదట చూడండి. సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చారో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

మూడోది మాస్టర్ ప్లాన్లు, భూ వినియోగ మార్పిడులు, రోడ్ల వెడల్పు. వీటి గడువు ఆయా చట్టాన్నిబట్టి మారుతుంది. అలవాటుగా 30 అని రాసేయకుండా ప్రకటనలో ఉన్న సంఖ్యనే తీసుకోండి.

నాలుగోది కరెంటు చార్జీలు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 64 ప్రకారం విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) తన ప్రతిపాదనను సంక్షిప్తంగా ప్రచురించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కొత్త చార్జీలు సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి అమలవుతాయి కాబట్టి నవంబరు నెలాఖరు నుంచి రెండు రాష్ట్రాల ఈఆర్‌సీ వెబ్‌సైట్లను వదలకుండా చూడాలి. అభ్యంతరం రాసిన ప్రతి ఒక్కరికీ డిస్కం జవాబు ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మిగతా చోట్ల దొరకని మేలు ఇది.

ఐదోది కేంద్ర ముసాయిదా నిబంధనలు, బిల్లులు. 2014 ఫిబ్రవరి 5న కేంద్ర న్యాయ శాఖ పంపిన ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. అయితే ఇది విధానమే, చట్టం కాదు. కారణాలు రాసి దాటవేసే వీలు శాఖలకు ఉంది. నిబంధనల విషయంలో మాత్రం వాటికి మూలమైన మాతృ చట్టం ముందస్తు ప్రచురణ కోరితే, జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 23 కింద గడువులోగా అందిన ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించి తీరాలి. ఈ తేడా మీ పేజీలో ఒక్క మాటలో చెప్పండి: ‘విధానం’ లేదా ‘చట్టం’. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు వేసేటప్పుడు పనికొస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, రిజర్వ్ బ్యాంక్‌ల సంప్రదింపు పత్రాలు దేశమంతటికీ చెందినవి. వాటిని మొదటి ఆరు నెలలూ పక్కన పెట్టండి.

2. సర్కారు పెట్టే పేరు ఒకటి, జనం వెతికే మాట ఇంకొకటి

‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని మాత్రమే వెతికితే సగం దొరకవు. ప్రకటనల్లో కనిపించే తెలుగు మాటలు ఇవి: ముసాయిదా, ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరములు మరియు సలహాలు, ఆక్షేపణలు, బహిరంగ విచారణ, ప్రజావిచారణ, పబ్లిక్ హియరింగ్. ఇంగ్లిష్ ప్రకటనల్లో డ్రాఫ్ట్, అబ్జెక్షన్స్ అండ్ సజెషన్స్, ఇన్వైటింగ్ కామెంట్స్, ప్రీవియస్ పబ్లికేషన్ అనేవి ఎక్కువ. ఈ మాటల జాబితాను రెండు లిపుల్లోనూ ఒక ఫైల్లో రాసి పెట్టుకోండి. గూగుల్‌లో సైట్ ఆపరేటర్‌తో (వెతికే మాట పక్కన site: అని రాసి) ప్రభుత్వ డొమైన్‌కు పరిమితం చేసి, కాలాన్ని ‘గత వారం’గా పెట్టి ఒక్కో మాటా వెతకండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఇలా పెద్దగా దొరకవు. అందుకే మూడో అడుగు అవసరం.

ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త. పెద, పెద్ద అనే తేడా, ఇంగ్లిష్ స్పెల్లింగుల తేడా వల్ల ఒకే ఊరు మూడు ఊళ్లుగా కనిపిస్తుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ సంఖ్య ఉంది. మీ జిల్లా గ్రామాల జాబితా దించుకుని ప్రతి ప్రకటననూ ఆ కోడ్‌తో ముడిపెట్టండి. ఒకే పేరున్న రెండు ఊళ్లు వేర్వేరు మండలాల్లో ఉన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ కోడే.

3. ఎక్కడ, ఎన్నిసార్లు చూడాలి

రోజూ చూడాల్సినవి: జిల్లా అధికారిక వెబ్‌సైట్‌లోని నోటీసుల విభాగం, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ విచారణల పేజీ, రెండు తెలుగు పత్రికల జిల్లా పేజీలు. రెండు రోజులకోసారి: రాష్ట్ర గెజిట్, మున్సిపాలిటీ, పట్టణాభివృద్ధి సంస్థ వెబ్‌సైట్లు. వారానికోసారి: కేంద్ర ఈ-గెజిట్, పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే పరివేష్ పోర్టల్, కేంద్రం ప్రజాభిప్రాయాలు అడిగే మైగవ్. వారంలో ఒకరోజు ఒకరు కలెక్టరేట్, తహసీల్దార్ కార్యాలయాల నోటీసు బోర్డులు చూసి ఫొటో తీసుకురావాలి. ఆన్‌లైన్ పని అనుకుని ఈ నడకను మానేస్తే, ఎక్కడా అప్‌లోడ్ కాని నోటీసులన్నీ చేజారిపోతాయి.

పేజీలో మార్పు వస్తే చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే శ్రమ తగ్గుతుంది. చేంజ్‌డిటెక్షన్ అనేది అలాంటి ఓపెన్ సోర్స్ పనిముట్టు. ఆరు గంటలకోసారి తనిఖీ పెట్టండి. అంతకన్నా తరచుగా అడిగితే సర్వరు మిమ్మల్ని అడ్డుకోవచ్చు. దీన్ని విదేశీ సర్వర్‌లో నడిపితే చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లు అసలు తెరుచుకోవు, మన దేశం బయటి ఐపీ చిరునామాలను ఆపేస్తాయి. ఇంట్లో పాత కంప్యూటర్ మీద గానీ, దేశంలోని సర్వర్ మీద గానీ నడపండి. సైట్ పైభాగంలో తేదీ, సందర్శకుల సంఖ్య మారుతూ ఉంటే రోజుకు పది ఉత్తుత్తి హెచ్చరికలు వస్తాయి. నోటీసుల పట్టిక ఉన్న భాగాన్ని మాత్రమే గమనించమని ఫిల్టర్ పెట్టాలి. నెల రోజులు ఏ హెచ్చరికా రాకపోతే సంతోషించకండి. సైట్ చిరునామా మారి ఉండవచ్చు, తనిఖీ ఆగిపోయి ఉండవచ్చు. ప్రతి సోమవారం ఒక్కో పేజీని కంటితో తెరిచి చూడండి.

దొరికిన ఫైలును అప్పటికప్పుడే దించుకోండి. ఈ-గెజిట్ వంటి చోట్ల లింకు ఆ సెషన్‌కే పనిచేస్తుంది. కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు ఖాళీ పేజీ కనిపిస్తుంది. ఫైలు పేరును తేదీ, శాఖ, ఊరు అనే వరుసలో మార్చి, షా-256 హ్యాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) లెక్కకట్టి పట్టికలో రాయండి. రేపు అదే లింకులో వేరే ఫైలు పెడితే తేడా బయటపడుతుంది. వీలైతే వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లోనూ ఆ పేజీని భద్రపరచండి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను పాత జీవోల వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు. ఆ ఒక్క వెబ్‌సైట్‌ను నమ్ముకున్నవాళ్లకు కొత్త జీవోలు కనిపించడం ఆగిపోయింది.

4. బొమ్మలో ఉన్న అక్షరాన్ని వెతికే అక్షరంగా మార్చడం

ఎక్కువ సమయం తినే పని ఇదే. కానీ ఇది చేయకపోతే మీ పేజీ కూడా ఇంకో స్కాన్ కాపీల గోదాము అవుతుంది.

ముందు పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మూడు రకాల ఫలితాలు వస్తాయి. తెలుగు సరిగ్గా వస్తే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను యంత్రంతో చదివించడం) అక్కర్లేదు. ఏమీ కాపీ కాకపోతే అది స్కాన్ బొమ్మ. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది యూనికోడ్ అనే సార్వత్రిక పద్ధతి పాటించని అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు. కంటికి చక్కటి తెలుగు, యంత్రానికి అర్థం లేని గుర్తులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ‘అక్షరాలు ఇప్పటికే ఉన్నాయి’ అనుకుని ఈ పేజీలను వదిలేస్తుంది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే బలవంతంగా ఓసీఆర్ చేయమనే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి.

స్కానును 300 డీపీఐలో, నలుపు తెలుపుల్లో, వంకర సరిచేసి ఇవ్వండి. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఇంగ్లిష్ భాషా ఫైళ్లు రెండూ కలిపి పెట్టండి. తెలుగు ఒక్కటే పెడితే సర్వే నంబర్లలోని ఇంగ్లిష్ అక్షరాలు చెడిపోతాయి. కమాండ్లు రానివాళ్లు గూగుల్ డ్రైవ్‌లో ఫైలు వేసి డాక్స్‌తో తెరవవచ్చు. పెద్ద ఫైలును పది పేజీల చొప్పున ముక్కలు చేస్తే ఫలితం బాగుంటుంది.

ఆ తర్వాత మనిషి చూపు తప్పదు. మ, వు ఒకదానికొకటి మారతాయి. ధ, థ సరేసరి. ఒత్తులు ఎగిరిపోతాయి. మిగతా పాఠంలో ఒకటి రెండు తప్పులున్నా ఫర్వాలేదు. కానీ సర్వే నంబర్లు, విస్తీర్ణం, తేదీలు, ఈమెయిల్ చిరునామా, ఈ నాలుగింటినీ ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు పత్రంతో సరిచూడాలి. 112/2ఎ అనేది 112/24 అయిందంటే ఒక రైతు తన పొలం పోతోందని తెలియక ఊరుకుంటాడు, ఇంకొకరు అనవసరంగా పరిగెడతారు. సరిచూసిన ఇద్దరి పొడి అక్షరాలూ పట్టికలో ఉండాలి.

5. పట్టిక, గడువు లెక్క

గూగుల్ షీట్ చాలు. గడులు ఇవి: ఊరు, మండలం, గ్రామ కోడ్, ఏం మారబోతోంది (ఒక్క వాక్యంలో), అభిప్రాయాలు అడుగుతున్న కార్యాలయం, చట్టం, సెక్షన్, ప్రకటన ప్రచురితమైన తేదీ, మనకు దొరికిన తేదీ, చివరి తేదీ, సమయం, ఆ తేదీ ఎలా లెక్కకట్టామో, ఎక్కడికి పంపాలి, విచారణ చోటు, వేళ, అసలు ఫైలు, ప్రస్తుత స్థితి.

వీటిలో ‘మనకు దొరికిన తేదీ’ అన్న గడిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ప్రచురణ తేదీకీ దీనికీ మధ్య తేడాయే జనం కోల్పోయిన రోజులు. ఆరు నెలల లెక్క చేతిలో ఉంటే ఏ కార్యాలయం ప్రకటన సగటున ఎన్ని రోజులు ఆలస్యంగా బయటపడుతోందో అంకెలతో చూపవచ్చు. ‘మీ సైట్ బాగాలేదు’ అంటే ఎవరూ కదలరు. ‘మీ తొమ్మిది ప్రకటనల్లో ఏడు, ఇరవయ్యో రోజు దాటాక సైట్‌లోకి వచ్చాయి’ అన్నట్టుగా లెక్క ముందు పెడితే కలెక్టర్ సమీక్షలో అది చర్చకు వస్తుంది.

గడువు లెక్కలో పెద్ద ఉచ్చు ఒకటి ఉంది. కేంద్ర ముసాయిదాల్లో రోజులను లెక్కపెట్టేది నోటిఫికేషన్ మీద వేసిన తేదీ నుంచి కాదు, గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి. ‘నుంచి’ అన్నప్పుడు మొదటి రోజును వదిలేయాలి. ఈఐఏ 2020 ముసాయిదాను తీసుకోండి. గెజిట్‌లో వచ్చింది 2020 ఏప్రిల్ 11న, గడువు 60 రోజులు. ఏప్రిల్‌లో మిగిలినవి 19, మే నెలవి 31, కలిపి 50. జూన్‌లో పది కలిపితే చివరి తేదీ జూన్ 10. దాన్ని మంత్రిత్వ శాఖ జూన్ 30కి పొడిగించింది. తర్వాత ఢిల్లీ హైకోర్టు ఆగస్టు 11 వరకు పొడిగిస్తూ, ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని కూడా చెప్పింది. అంటే ఒకే ప్రకటనకు మూడు చివరి తేదీలు. అందుకే పాత తేదీని చెరిపేయకుండా దాని కింద కొత్తది రాయండి. పొడిగింపు ఉత్తర్వు కాపీ కూడా జతచేయండి.

చివరి రోజు సెలవైతే మరుసటి పనిదినం దాకా సమయముందని వాదించవచ్చు. ఆ వాదనను నమ్ముకుని ఎవరినీ ఆగమని చెప్పకండి. పేజీలో చివరి తేదీతో పాటు ‘ఈలోగా పంపండి’ అంటూ మూడు పనిదినాల ముందు తేదీ ఒకటి పెట్టండి. కొన్ని కార్యాలయాల్లో సాయంత్రం 5 గంటలకే గడువు ముగుస్తుంది. సమయం రాసి లేకపోతే 5 అనే అనుకోవడం క్షేమం.

6. పేజీ, వాట్సాప్

ఒక్కో ప్రకటనకు ఒక్కో పేజీ. శీర్షికలో ఊరు, విషయం, గడువు ఈ వరుసలోనే ఉండాలి: ‘ఫలానా మండలం ఫలానా ఊరిలో గ్రానైట్ క్వారీ, అభ్యంతరాలకు గడువు 18 మార్చి’. నోటిఫికేషన్ నంబరు చివర్లో ఉంటే చాలు. ఊరి పేరును ఇంగ్లిష్ స్పెల్లింగులన్నిటితోనూ పేజీ అడుగున రాయండి, ఫోన్లో చాలామంది టైప్ చేసేది అలాగే.

సారాంశం 200 మాటలకు మించకూడదు. ఎంత భూమి, ఎవరికి, ఎన్నేళ్లు, నీరు ఎక్కడినుంచి, దగ్గరి ఇళ్లకు ఎంత దూరం. మంచీ చెడూ మీరు తేల్చకండి. పేజీ నడిపేవాళ్లు ప్రాజెక్టుకు వ్యతిరేకులని ఒకసారి పేరు పడితే అధికారులు ఫోన్ ఎత్తరు, ప్రాజెక్టు కావాలనుకునే ఊరివాళ్లూ దూరమవుతారు. వాళ్లకూ తమ మాట చెప్పుకునే హక్కు ఉంది.

పేజీ బరువు 100 కేబీ దాటనివ్వకండి. పీడీఎఫ్ లింకు పక్కన సైజు రాయండి. నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు, వరుసల మధ్య ఎడం 1.6 ఉండాలి. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్లలో 1.2 ఉంటుంది, దానికి మన వత్తులు తెగిపోతాయి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో ప్రకటించండి. లేకపోతే చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది. చదివేవారి ఫోన్ క్యాలెండర్‌లో తేదీలు వాటంతటవే చేరే ఫీడ్ ఒకటి ఇచ్చి, గడువుకు పది రోజుల ముందు, మూడు రోజుల ముందు హెచ్చరిక పెట్టండి.

వాట్సాప్ సందేశంలో మొదటి వరుస గడువు, రెండోది ఊరు. ‘ఇంకా చదవండి’ కింద దాగిన తేదీని ఎవరూ చూడరు. బొమ్మలో రాసి పంపితే అందంగా ఉంటుంది గానీ వెతికితే దొరకదు, వినేవాళ్లకు వినబడదు. అక్షరాల్లోనే పంపండి. పేజీ చిరునామాతో క్యూఆర్ కోడ్ ముద్రించి గ్రామ సచివాలయం, పాల కేంద్రం, రేషన్ దుకాణం దగ్గర అతికించండి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో తేదీ, కార్యాలయం పేరు ఉండాలి.

7. అభ్యంతరం రాయడం ఎవరికైనా సాధ్యమయ్యేలా

ఇక్కడ ఒక హద్దు పెట్టుకోండి: జనం అభ్యంతరాలను మీ సైట్ ద్వారా సేకరించవద్దు. ఫారం పెట్టి పేర్లు, ఫోన్ నంబర్లు పోగేస్తే వాటి భద్రత మీ నెత్తిన పడుతుంది. 2015లో నెట్ న్యూట్రాలిటీపై (ఇంటర్నెట్ సేవలన్నిటినీ సమానంగా చూడాలన్న అంశం) ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. వాటిని యథాతథంగా వెబ్‌సైట్‌లో పెట్టడంతో పంపినవారి ఈమెయిల్ చిరునామాలన్నీ బయటపడ్డాయి. నొక్కితే సంబంధిత కార్యాలయం చిరునామాతో ఈమెయిల్ తెరుచుకునే లింకు ఇవ్వండి, చాలు. ఆధార్ నంబరు ఎక్కడా రాయవద్దని పేజీలో చెప్పండి.

తయారు ఉత్తరం ఇస్తే వెయ్యిమంది అదే పంపుతారు. వెయ్యింటినీ ఒకే అంశం కింద చుట్టి పక్కన పెట్టే వీలుంటుంది. దానికి బదులు ఖాళీలున్న నమూనా ఇవ్వండి:

‘గౌరవనీయులైన ……… గారికి. విషయం: ……… తేదీ, ……… నంబరు ప్రకటనపై అభ్యంతరం. నేను ……… గ్రామ నివాసిని. ప్రతిపాదిత స్థలానికి నా పొలం/ఇల్లు ……… మీటర్ల దూరంలో ఉంది. నివేదిక ……… పేజీ, ……… పేరాలో ‘………’ అని రాశారు. వాస్తవంలో ……… ఉంది. దీనికి ఆధారం: ………. కాబట్టి ……… మార్చాలని/తొలగించాలని కోరుతున్నాను. విచారణలో స్వయంగా మాట్లాడదలచాను. ఈ ఉత్తరం అందినట్టు రసీదు ఇవ్వగలరు.’

దీనిలో బలం ‘పేజీ, పేరా, వాస్తవం, ఆధారం’ అన్న నాలుగు ఖాళీల్లో ఉంది. ‘ఈ ప్రాజెక్టు వద్దు’ అన్న వాక్యానికి అధికారి జవాబు రాయనక్కర్లేదు. ‘నివేదికలో అర కిలోమీటరు లోపు నీటి వనరు లేదన్నారు, ఊరి చెరువు తూములు 300 మీటర్లలో ఉన్నాయి, ఫొటో జతచేశాను’ అంటే జవాబు రాయక తప్పదు. తేదీ, చోటు తెలిసే ఫొటోలు, పహణీ లేదా అడంగల్ నకలు, బావి నీటి మట్టం కొలతలు మంచి ఆధారాలు.

విద్యుత్ చార్జీలకైతే పద్ధతి వేరు. ఉత్తరం విద్యుత్ నియంత్రణ మండలికి పంపి, దాని నకలు డిస్కంకు కూడా ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు జతచేయాలి. మీ వాదన స్వయంగా వినిపిస్తారో లేదో అందులోనే రాయాలి. ఇది రాయకపోతే విచారణ రోజున పేరు పిలవకపోవచ్చు.

ఈమెయిల్ ఒక్కదాన్నే నమ్మకండి. అవతలి పెట్టె నిండిపోయి తిరిగొచ్చిన సందేశాన్ని మూడు రోజుల తర్వాత చూసుకునేసరికి గడువు దాటిపోతుంది. జతచేసే ఫైళ్లు మొత్తం 5 ఎంబీ లోపు ఉంచి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులోనూ పంపమనండి. ఊరిదైతే కలెక్టరేట్ తపాలా విభాగంలో ఇచ్చి రెండో ప్రతిపై ముద్ర వేయించుకోవడం అన్నిటికన్నా గట్టిది.

8. కార్యాలయాల్లో ఉన్నవారిని కదిలించడం

మీ పేజీ నడుస్తుండగానే జిల్లా ఐటీ సిబ్బందిని, సంబంధిత శాఖను కలిసి మూడే మూడు అడగండి: ప్రజాభిప్రాయ ప్రకటనలకు టెండర్ల నుంచి విడిగా ఒక పేజీ, మారని చిరునామాతో. స్కాన్ కాపీతో పాటు యూనికోడ్ తెలుగు పాఠం. పైన చివరి తేదీ. ఖర్చు లేని పనులివి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(4) కూడా సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే మార్గంలో అందించాలనే చెబుతోంది. విధాన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలన్నది సెక్షన్ 4(1)(సి). ఈ రెండు సెక్షన్లూ ఉత్తరంలో రాసి, మీ ‘పోయిన రోజుల’ పట్టిక జతచేయండి.

9. గడువు ముగిశాక

చాలా పేజీలు చచ్చిపోయేది ఇక్కడే. ముగిసిన ప్రకటనలను తొలగించకండి. స్థితి మార్చండి: ముగిసింది, విచారణ జరిగింది, తుది ఉత్తర్వు వచ్చింది.

బహిరంగ విచారణ జరిగిన రోజున ముగింపులో కార్యకలాపాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. అక్కడున్నవారు దాన్ని విని, తమ మాట వదిలేస్తే అప్పుడే లేచి చెప్పాలి. మినిట్స్‌ను ఆ తర్వాత పంచాయతీ, జెడ్పీ, కలెక్టర్ కార్యాలయాల్లోనూ ప్రదర్శించాలి. మీరు తీసుకున్న నోట్సుతో వాటిని పోల్చండి.

మిగతా ప్రకటనలకు నెల రోజులు ఆగి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రూ.10 రుసుము, జవాబుకు 30 రోజులు. ‘ఎందుకు వినలేదు’ అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. పత్రాలే అడగాలి: అందిన అభ్యంతరాల సంఖ్య, వాటి సారాంశ పట్టిక నకలు, వాటిపై అధికారులు తమ అభిప్రాయాలు రాసిన నోట్‌ఫైల్ పేజీలు, విచారణ వీడియో ప్రతి. డిజిటల్ వ్యక్తిగత డేటా నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న వచ్చినప్పుడు, అందిన అభిప్రాయాలను బయటపెట్టబోమని ముందే చెప్పారు. అలాంటి చోట రాసినవారే తమ ఉత్తరాన్ని పేరు తీసేసి మీ పేజీలో పెట్టడానికి ఒప్పుకుంటారేమో అడగండి.

తుది ఉత్తర్వు రాగానే ముసాయిదా పాఠాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో నడపండి. ఇద్దరు సరిచూసిన యూనికోడ్ పాఠం అప్పటికే మీ దగ్గర ఉంటుంది కాబట్టి ఇది పది నిమిషాల పని. మారిన వాక్యాల పక్కన, ఆ మార్పు కోరిన అభ్యంతరాల తేదీలు రాయండి. మారనివి కూడా అలాగే రాసి, అభ్యంతరం పంపిన ఊళ్లకు అదే వాట్సాప్ గ్రూపుల్లో ఆ పేజీ లింకు తిరిగి పంపండి.